నేలమాళిగలో ద్రాక్షాసవము

ఫ్రాన్సు దేశమున కొన్ని కుటుంబములలో ఒక ముచ్చటైన ఆచారము కలదు. బిడ్డ పుట్టిన సంవత్సరపు ద్రాక్షాసవమును కొన్ని సీసాలు కొని, ఇంటి నేలమాళిగలో దాచి, ఆ బిడ్డ పెద్దయైన నాడో, పెండ్లినాడో తెరతురు. 20 ఏండ్లు వేచి తెరచిన సీసాలో రుచి చచ్చిన పుల్లని ద్రవము మిగిలినచో ఆ యింటివారి మనస్సు ఎట్లుండును? అట్టి ఆశాభంగము కలుగకుండుటకు పాటింపవలసిన నియమములను, వాటి కారణములను మనవి చేయుచున్నాము.

మొదటిది, సీసాను పరుండబెట్టుట. మూతికి బిగించు బిరడా ఒక జాతి ఓక్ చెట్టు బెరడు. పోర్చుగల్ దేశమున అది విరివిగా లభించును. ఆసవము తగులుచున్నంత కాలము బిరడా ఎండక, మూతిని బిగబట్టి యుండును. ఏండ్ల తరబడి నిలువుగా ఉంచినచో ఎండి కుంచించుకొనును. ఆ సందున గాలి చొరబడి ఆసవమును చెరచును. నేలమాళిగలో గాలి తేమ నూటికి 70 పాళ్లకు దాపుగా ఉండవలెననుటయు ఇందుకే. తేమ మరీ హెచ్చినచో బూజు పట్టి సీసాలపై చీటీలు చెడును. మర మూతగల సీసాలను నిలువుగా ఉంచినను దోషము లేదు.

రెండవది, నిలకడయైన చల్లదనము. 12 మొదలు 14 డిగ్రీల సెంటీగ్రేడు మేలు. ఋతువులతో పాటు మెల్లగా ఒకటి రెండు డిగ్రీలు మారినను ముప్పు లేదు. పగలు వేడెక్కి రాత్రి చల్లారుటయే కీడు. వేడికి ద్రవము వ్యాకోచించి బిరడాను వెలుపలికి త్రోయును. చల్లారినపుడు సంకోచించి గాలిని లోనికి పీల్చును. కనుక పొయ్యి దాపునగల అర ఎంత అందమైనదైనను తగదు.

మూడవది, చీకటి, నిశ్చలత. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు ఆసవపు వాసనను చెరచును. ముదురు రంగు గాజు కొంతవరకే కాపాడును. మాటిమాటికి కదలించినచో అడుగున పేరుకొన్న మడ్డి పైకి లేచును. చీటీ పైకి కనబడునట్లు పేర్చినచో, సీసాను త్రిప్పకయే చదువుకొనవచ్చును.

మరియొక మాట. దాచిన ప్రతి ఆసవమును మెరుగుపడదు. అత్యధిక భాగము కొలది ఏండ్లలోనే త్రాగుటకు చేయబడినవి.

మన యిండ్లలో ఆవకాయ జాడీకి వాసెన గట్టి, పైకి నూనె తేలునట్లు చూచి, చీకటి మూలను కదల్పక ఉంచు పెద్దలకు ఈ సూత్రములు క్రొత్తవి కావు. వస్తువు వేరు, గాలి, వేడి, వెలుతురు సోకనీయని జాగ్రత్త మాత్రము ఒక్కటే.