పట్టుపురుగు జ్ఞాపకము

పెనుకొండ చుట్టుప్రక్కల పొలములలో మల్బరీ పెరుగును. పట్టుగూళ్ళు హిందూపురము మార్కెట్టుకు చేరును. ధర్మవరము మగ్గములపై పట్టుపోగు చీరయగును. ఈ మూడు ఊళ్ళను కలిపిన పురుగుకు జ్ఞాపకశక్తి కలదన్నచో పాఠకులు నవ్వవచ్చును. కాని శాస్త్రజ్ఞులు కనుగొన్నది ఇంచుమించు అట్టిదే.

మన మైసూరు జాతి పురుగులు ఏడాది పొడుగునా తరము వెంట తరముగా వృద్ధిపొందును. మేలైన పోగునిచ్చు బైవోల్టిన్ జాతుల తీరు వేరు. వాటి గుడ్లు కొన్ని కొలది దినములలోనే పగులును. కొన్ని నెలల తరబడి నిద్రించును. ఏది జరుగవలెనో నిర్ణయించునది తల్లి. తాను గుడ్డులో పిండముగా నున్నప్పుడు 25 డిగ్రీల వెచ్చదనము పొందిన తల్లి, నిద్రించు గుడ్లు పెట్టును. 15 డిగ్రీల చలిలో, చీకటిలో పెరిగిన తల్లి, నిద్రించని గుడ్లు పెట్టును.

ఇది ఎట్లు సాధ్యము? తల్లి తలలో అన్ననాళము క్రిందనున్న చిన్న నాడీగుచ్ఛము స్రవించు రసమే గుడ్లను నిద్రపుచ్చునని 1951లో జపాను శాస్త్రజ్ఞులు హసెగావా, ఫుకుదా వెల్లడించిరి. పిండదశలో వేడిని పసిగట్టునది టీఆర్‌పీఏ1 అను జన్యువు నిర్మించు ప్రోటీను అని 2014లో తేలినది. మనము పాఠము జ్ఞప్తియందుంచుకొనునట్టి స్మృతి కాదిది. అయినను గుడ్డులో తగిలిన వెచ్చదనపు ప్రభావము, పురుగు నాలుగు కుబుసములు విడిచి, గూడల్లుకొని, చిలుకగా మారువరకు నిలిచియుండుట ఆశ్చర్యము కాదా!

ధర్మవరము నేతగానికి ఈ మర్మము సులభముగా బోధపడును. జాకార్డు అట్టలో రంధ్రమున్నంత మాత్రమున చీరపై పూవు పడదు. కాలు త్రొక్కినప్పుడే పడును. జన్యువు అట్ట వంటిది; వెచ్చదనము త్రొక్కుడు వంటిది.

ఇది వినోదమునకు చెప్పుకొను వింత మాత్రమే కాదు. ఆకు కోతకు వచ్చిన దినముననే గుడ్లన్నియు ఒక్కుమ్మడిగా పగులవలెను. లేనిచో ఆకు ముదురును, రైతు నష్టపడును. అందుకే నిద్రించు గుడ్లను, పెట్టిన సుమారు 20 గంటలకు, వేడి హైడ్రోక్లోరిక్ ఆమ్లములో కొన్ని నిమిషములుంచి మేల్కొలుపుదురు. మన వేసవికి ఓర్చు జాతులకై హిందూపురము చెంత కిరికెరలోని రాష్ట్ర పట్టుపరిశోధనా సంస్థ కృషి చేసినది.

గుడ్ల జాతిని మాత్రమే విచారించినవాడు సగమే విచారించినవాడు. వాటి తల్లి ఏ వెచ్చదనములో పెరిగినదో కూడ అడుగవలెను.