మట్టిని చదవండి

వికారాబాద్ జిల్లాలో మోమిన్‌పేట్ మండలం ఉంది. ఈ జిల్లాలో ఎర్ర చెలకలున్నాయి, నల్ల రేగళ్లున్నాయి. రెండింటి గుణం వేరు.

పెరట్లో పిడికెడు మట్టి తడపండి. అరచేతుల మధ్య తాడులా పేనండి. విరిగిపోతే ఇసుక ఎక్కువ. అందులో నీరు నిలవదు. ఉంగరంలా వంగితే బంక ఎక్కువ. అది ఎండితే నెర్రెలు బారుతుంది.

రెండింటికీ బాగా మాగిన పశువుల ఎరువే మందు. ఇసుక నేలలో తడి ఆపుతుంది. బంక నేలను గుల్ల చేస్తుంది.

మట్టిలో ఏ సారం తక్కువో కంటికి కనపడదు. భూసార పరీక్షలో తెలుస్తుంది. నాలుగైదు చోట్ల 6 అంగుళాల లోతు తవ్వండి. ఆ మట్టి కలిపి నీడలో ఆరబెట్టండి. అర కిలో సంచిలో పోసి, పేరు రాసి, వ్యవసాయ అధికారికి ఇవ్వండి.

భూసార కార్డుల పథకం 2015లో మొదలైంది. ఎరువు బస్తా కొనేముందు కార్డు చదవండి. నేలలో ఉన్నదాన్నే మళ్లీ కొంటే పైసలు దండగ.