వెనుకకు తిరిగితే కాల్చుడేనా? గేమ్ చెప్పని లెక్క

మొన్న మా అన్న కొడుకు ల్యాప్‌టాప్ ముంగట కూసొని యుద్ధం గేమ్ ఆడుతుండు. దాని పేరు 'కంపెనీ ఆఫ్ హీరోస్ 2'. "చిన్నాయినా, రష్యా సిపాయిలు ఎనుకకు ఉరికితే సొంత ఆఫీసర్లే కాల్చి సంపేటోళ్లట. గట్లనే హిట్లర్ మీద గెలిచిన్రట" అన్నడు. ఎవలు చెప్పిన్రురా అంటే, "గేమ్‌ల ఉన్నది గద" అన్నడు.

నేను పెద్ద సదువులు సదువుకున్నోన్ని కాదు. గని గా మాట మింగుడుపడలే. నాలుగు రోజులు కూసొని చదివిన. దొరికింది మీ ముంగట పెడుతున్న.

గీ గేమ్‌ను కెనడాల ఉన్న రెలిక్ కంపెనీ తయారుచేసింది. 2013ల వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంల జర్మనీ మీద సోవియట్ సైన్యం చేసిన పోరాటమే కథ. కొన్ని ఘట్టాలల్ల కొత్త సిపాయిలను పిలిస్తే 'ఆర్డర్ 227' అమలైతది. అది నడుస్తున్నంతసేపు వెనుకకు మళ్లినోళ్లను సొంతోళ్లే కాల్చేస్తరు.

ఆ ఆర్డర్ అబద్ధం కాదు. 1942 జూలై 28న స్టాలిన్ ఇచ్చిండు. జర్మన్లు వోల్గా నది దిక్కు, కాకసస్ చమురు బావుల దిక్కు దూసుకొస్తున్న కాలం అది. హుకుం లేకుంట ఒక్క అడుగు గూడ వెనుకకు వెయ్యొద్దన్నది దాని సారం. పారిపోయేటోళ్లను ఆపనీకి సైన్యం వెనుక అడ్డుకునే దళాలు పెట్టిన్రు. తప్పు చేసిన్రన్నోళ్లను శిక్షా దళాలల్ల వేసి, ప్రాణాలకు తెగించాల్సిన కాడికి తోలిన్రు. క్రూరమే. దాచుడు అక్కర లేదు.

మరి లెక్క ఏంది? సోవియట్ రహస్య పోలీసుల రిపోర్టు ప్రకారం, 1942 ఆగస్టు 1 నుంచి అక్టోబర్ 15 దాక ఆ దళాలు 1,40,755 మందిని ఆపినయి. అండ్ల 1,189 మందిని కాల్చిన్రు. 1,31,094 మందిని మళ్ల తమ తమ దళాలకే పంపిన్రు. అంటే నూటికి 93 మంది తిరిగిపోయిన్రు. కాల్చబడ్డోళ్లు నూటికి ఒక్కరి కన్న తక్కువ. ఆ 1,189 మందికీ తల్లులున్నరు, అది చిన్న సంగతి కాదు. గని 'వెనుకకు తిరిగితే చావే' అన్నది మాత్రం నిజం కాదు.

మరి గేమ్ అట్ల ఎందుకు చూపెట్టింది? ఆటకు రూల్ గావాలె. ఆపుడు, అడుగుడు, మళ్ల పంపుడు చూపెడితే ఆటల ఉత్కంఠ ఉండదు. అందుకే ఎప్పుడో ఒకసారి జరిగింది ప్రతిసారి జరిగే రూల్ అయింది. రూల్ గూడ ఒక వాదనే. మాటలల్ల చెప్పిన అబద్ధాన్ని మనం అనుమానిస్తం. చేతితోని ఆడిన రూల్‌ను నమ్మేస్తం.

రష్యాల ఆటగాళ్లకు కోపమొచ్చింది. 2013 ఆగస్టుల అక్కడ గేమ్‌ను అమ్మే కంపెనీ అమ్మకం ఆపేసింది. దాదాపు 2 కోట్ల 70 లక్షల మందిని పోగొట్టుకున్న దేశం, వాళ్ల బాధ నాకు సమజైతది. గని గేమ్ బందు పెడితే ఆర్డర్ 227 చరిత్రలకెళ్లి పోతదా?

నాకు ఇంకో ఎతున్నది. స్క్రీన్ మీద మ్యాన్‌పవర్, మందుగుండు, ఇంధనం ఒక్క వరుసల ఉంటయి. మనిషి గూడ డీజిల్ లెక్కనే ఖర్చు పద్దు. ఎప్పుడు ఆడినా మనం కూసునేది హుకుం ఇచ్చేటోని కుర్సీల్నే.

వేరే తొవ్వ లేదా అంటే, ఉన్నది. పోలెండ్‌ల తయారైన 'దిస్ వార్ ఆఫ్ మైన్' 2014ల వచ్చింది. 1992 నుంచి 1996 దాక సాగిన సరయేవో ముట్టడి దానికి ప్రేరణ. అండ్ల మనం ఆఫీసర్లం కాదు. కూలిన ఇంట్ల తిండికి, మందులకు ఎతుకులాడే మామూలు జనం. పోలెండ్ సర్కారు దాన్ని బడి పిల్లలకు సిఫారసు గూడ చేసింది.

మా పోరన్ని ఆడొద్దనలే. గెలిచినంక ఒక్కటి అడుగుమన్న: ఈ లెక్కల సచ్చినోడు యాడున్నడు? మీరు గూడ అడుగుండ్రి తమ్మీ. జవాబు గేమ్‌ల దొరకదు, చదివితేనే దొరుకుతది.