బెరడుంటేనే అందమా? చెట్టు ఒంపుల మంచం: అపోహలు – వాస్తవాలు

చెట్టు ఒంపులూ కణుపులూ కళ్లకు కనబడేలా మంచం చేయించుకోవాలన్న ముచ్చట ఈమధ్య చాలామందికి కలుగుతోంది. మంచి ముచ్చటే. కానీ దాని చుట్టూ చేరిన కొన్ని నమ్మకాల వల్ల విలువైన కలప పాడవడం చూస్తే బాధ కలుగుతుంది.

“తలవైపు పలకకు బెరడు అలాగే ఉంచాలి, అదే సహజం” అనే మాట తరచూ వింటాం. చెట్టు బతికి ఉన్నంతకాలం బెరడుకూ చెక్కకూ మధ్య పలుచని తడి పొర ఒకటి ఉంటుంది. చెక్క ఆరేకొద్దీ ఆ పొర ఎండి పట్టు వదిలేస్తుంది. చిగురించే కాలంలో కొట్టిన చెట్టుకైతే బెరడు మరీ సులువుగా ఊడుతుంది. పైగా కొన్ని రకాల పురుగులు బెరడున్న చెక్కనే వెతుక్కుని గుడ్లు పెడతాయి. అంచు దెబ్బతినకుండా బెరడంతా ఒలిపించేయండి. ఒంపు ఎక్కడికీ పోదు. అందం ఉన్నది ఆ ఒంపులోనే.

“టేకే కదా, పురుగు పట్టదు.” చేవకు పట్టదు, నిజమే. చుట్టూ ఉండే తెల్ల చెక్కకు పడుతుంది. ఒంపు అంచు ఉంచుకున్నామంటే తెల్ల చెక్కనూ ఉంచుకున్నట్టే. పాలిష్ వేసినంత మాత్రాన లోపలి పురుగు చావదు. పాలిష్‌కు ముందే, ఉత్త చెక్క మీద బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన ద్రావణం పట్టించి బాగా ఆరనివ్వాలి.

పగులున్న పలక పనికిరాదని పక్కన పడేసేవాళ్లూ ఉన్నారు. వాస్తుశిల్పం చదివి వడ్రంగి పనిలోకి వచ్చిన జపనీస్ అమెరికన్ జార్జ్ నకషిమా (1905–1990) పగుళ్లను దాచలేదు. వాటికి అడ్డంగా సీతాకోకచిలుక ఆకారపు చెక్క బిళ్లలు పొదిగి, పగులు పాకకుండా ఆపి, దాన్నే అలంకారంగా మార్చాడు. పగులుకు లప్పం పెట్టించకండి, చెక్క కదిలినప్పుడల్లా అది విడిపోతుంది.

చెక్క ఆరాక కూడా కదులుతుందన్న సంగతి చాలామంది నమ్మరు. వానాకాలంలో తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుంటుంది. పొడవులో మాత్రం దాదాపు మార్పుండదు. అందుకే వెడల్పాటి పలకను మేకులతో కదలకుండా బిగిస్తే ఎప్పుడో ఒకప్పుడు చీలుతుంది. స్క్రూ బెజ్జాలు పలక వెడల్పు దిశలో కాస్త సాగదీసినట్టు కోలగా ఉండాలి. అంగుళం మందం పలక నీడలో ఆరడానికి సుమారు ఏడాది అన్నది వడ్రంగుల పాత లెక్క. తొందరపెడితే పలక మెలి తిరుగుతుంది.

కణుపులూ వంకర కొమ్మలూ తలవైపు ఎన్నయినా పెట్టుకోండి. బరువు మోసే పట్టెలకు, కోళ్లకు మాత్రం పగుళ్లూ కణుపులూ లేని, ధార నేరుగా సాగిన చేవ చెక్కే వాడమనండి.