రక్తపరీక్ష కాగితం ఏం చెబుతుంది?

"సీడీ4 ఎంతొచ్చిందమ్మా?" హెచ్‌ఐవీకి మందులు వాడే వారు కవరు విప్పకముందే మమ్మల్ని అడిగే ప్రశ్న ఇది. అంకె పెరిగితే ముఖం వెలుగుతుంది, తగ్గితే వాడిపోతుంది. ఆ అంకెల అర్థం రోగులకూ, ఇంట్లో వారికీ తెలియాలని ఇది రాస్తున్నాము.

సీడీ4 అంటే జబ్బులతో పోరాడే తెల్లకణాల్లో ఒక రకం. ఆరోగ్యవంతుల్లో ఘనపు మిల్లీమీటరు రక్తంలో ఇవి సుమారు 500 నుంచి 1500 ఉంటాయి. 200 కంటే తగ్గితే క్షయ, కొన్ని రకాల న్యుమోనియా, మెదడు పొరల వాపు సులువుగా పట్టుకుంటాయి. వైరల్ లోడ్ అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క.

సాగర్ గట్టున ఉన్నవాళ్ళం, నీటిమట్టం సంగతి మనకు కొత్త కాదు. చెరువులో ఎంత నీరుందో సీడీ4 చెబుతుంది. కట్టకు బొక్కపడి నీరు కారిపోతోందా అన్నది వైరల్ లోడ్ చెబుతుంది. బొక్క పడిన రోజే మట్టం తగ్గదు కదా! అందుకే మందు పనిచేస్తోందా లేదా అని ముందుగా తెలిపేది వైరల్ లోడే. 2018 నుంచి ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో ఈ పరీక్షను అందరికీ క్రమంగా, ఉచితంగా చేస్తున్నారు. ఫలితం 1000 దాటితే మందులు సరిగా వేసుకుంటున్నారా అని విచారించి, మళ్ళీ పరీక్షిస్తారు.

మా పొరపాటు ఒకటి చెప్పాలి. కూలిపని చేసుకునే ఒక తల్లికి సీడీ4 140 నుంచి 510కి పెరిగింది. "బాగుందమ్మా, ఇక భయం లేదు" అన్నాము. జబ్బు పోయిందని ఆమె అర్థం చేసుకుంది. మిరపకోతలకు వెళుతూ మాత్రలు ఇంట్లోనే వదిలేసింది. కొన్ని నెలలకు దగ్గుతో, చిక్కిపోయి వచ్చింది. క్షయ సోకింది, సీడీ4 180కి పడిపోయింది. రెండు జబ్బులకూ మందులు వాడి నెమ్మదిగా కోలుకుంది. అప్పటి నుంచి మేము "బాగుంది" అని ఊరుకోము, "మందుల వల్ల బాగుంది" అంటాము.

2006లో వెలువడిన స్మార్ట్ అనే అంతర్జాతీయ పరిశోధన కూడా ఇదే చెప్పింది. అయిదు వేల మందికి పైగా పాల్గొన్నారు. సీడీ4 బాగుందని మందులు ఆపిన వారిలో జబ్బులు, మరణాలు పెరిగాయి.

మరో చిన్న పరీక్ష ఆల్బుమిన్, అంటే రక్తంలోని ఒక మాంసకృత్తు. అప్పటి అనంతపురం జిల్లా బత్తలపల్లిలోని ఆర్‌డీటీ ఆసుపత్రి రోగుల వివరాలతో 2013లో ఒక పరిశీలన వచ్చింది. మందులు మొదలుపెట్టే నాటికి ఆల్బుమిన్ బాగా తక్కువ ఉన్నవారిలో క్షయ, మరణాలు ఎక్కువని అందులో తేలింది. కనుక బరువు తగ్గుతున్నా, దగ్గు విడవకపోయినా దాచకండి.

మాత్రలు మానకుండా వేసుకుంటూ, వైరల్ లోడ్ పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే నిలిచిన వారి నుంచి లైంగిక సంబంధం ద్వారా జీవిత భాగస్వామికి హెచ్‌ఐవీ సోకదు. ఎన్నో ఇళ్ళలో కన్నీళ్ళు తుడిచే మాట ఇది.

కోతలకు వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా మాత్రల డబ్బా సంచిలో ముందు పెట్టుకోండి. అయిపోకముందే కేంద్రానికి వెళ్ళండి. సందేహముంటే 1097కు ఉచితంగా ఫోను చేయవచ్చు. మీ కాగితం తీసుకుని మా దగ్గరకు రండి, తలుపు వేసి కూర్చుని చదివి చెబుతాము. మీ సంగతి ఆ గది దాటదు.