మీకు తెలుసా? పర్షియన్ పిల్లికి నాలుక ఒక్కటే చాలదు

పిల్లి నాలుక మీద సుమారు 290 గరుకు ముళ్లుంటాయి. వాటి కొనలు గరిటెలా గుంటపడి ఉమ్మిని వెంట్రుకల కుదుళ్ల దాకా చేరవేస్తాయని 2018లో అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు తేల్చారు. పర్షియన్ పిల్లి బొచ్చు మరీ పొడుగు, ఒత్తు. ఆ ముళ్లు చర్మాన్ని అందుకోలేవు. అందుకే పొద్దస్తమానం నాక్కున్నా చంకల్లో, చెవుల వెనక జడలు కడుతుంది.

బొచ్చు రాలే కాలాన్ని ఎక్కువగా నిర్ణయించేది పగటి వెలుతురు నిడివి. అర్ధరాత్రి దాకా లైట్లు వెలిగే ఫ్లాట్‌లో పిల్లికి రుతువులు తెలియవు. ఏడాదంతా రాలుస్తూనే ఉంటుంది. సోఫా సరే, పెరుగన్నంలోకీ వస్తుంది మరి!

పళ్లు ఎడంగా ఉన్న స్టీలు దువ్వెనతో రోజూ దువ్వాలి. ముందు చివర్లు, తర్వాతే కుదుళ్లు. చిక్కును కత్తెరతో కోయడం మాత్రం వద్దేవద్దు. పల్చటి చర్మం చిక్కుతోపాటే పైకి లేచి తెగుతుంది. స్నానానికి ముందే చిక్కు తీయాలి, తడిస్తే ఇంకా బిగుస్తుంది. గుండ్రంగా బొచ్చు ఊడితే అది తామర కావచ్చు, మనకూ అంటుకుంటుంది. పశువైద్యుడికి చూపించండి.