జుబిన్ మెహతా: ప్రపంచ వాద్యబృందాలను నడిపిన ముంబయి సంగీతకారుడు

పాశ్చాత్య సింఫనీ కచేరీలో సుమారు వంద మంది వాద్యకారులు వేదికపై ఉంటారు. వారికి ఎదురుగా నిలిచిన ఒక్కరి చేతిలో మాత్రం ఏ వాద్యమూ ఉండదు. ఆయనే కండక్టర్. ఈ రంగంలో విశ్వవిఖ్యాతి పొందిన భారతీయుడు జుబిన్ మెహతా.

కండక్టర్ చేసే పని ఏమిటి?

మన కచేరీలో గాయకులు, పక్కవాద్యకారులు ఒకరినొకరు గమనించుకుంటూ మనోధర్మంతో ముందుకు సాగుతారు. సింఫనీలో స్వరాలన్నీ ముందే రాసి ఉంటాయి. అయినా వేగం ఎంత, ఏ వాద్యం పైకి వినిపించాలి, ఏది తగ్గాలి అన్నది లిఖిత ప్రతి పూర్తిగా చెప్పదు. ఆ నిర్ణయం కండక్టర్‌దే. సాధారణంగా ఆయన కుడిచేయి లయను సూచిస్తుంది, ఎడమచేయి ధ్వని హెచ్చుతగ్గులను తెలుపుతుంది. అసలు శ్రమ మాత్రం రిహార్సళ్లలోనే జరుగుతుంది.

బొంబాయి నుంచి వియన్నాకు

జుబిన్ 1936 ఏప్రిల్ 29న బొంబాయిలోని పార్సీ కుటుంబంలో జన్మించారు. తండ్రి మెహ్లీ మెహతా వయొలిన్ విద్వాంసుడు, బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రా వ్యవస్థాపకుడు. వైద్యవిద్య ఆలోచన విరమించుకున్న జుబిన్, 18వ ఏట వియన్నా చేరి హాన్స్ స్వరోవ్‌స్కీ వద్ద శిక్షణ పొందారు. 1958లో లివర్‌పూల్ అంతర్జాతీయ కండక్టర్ల పోటీలో విజేతగా నిలిచారు.

1962 నుంచి 1978 వరకు లాస్ ఏంజిలిస్ ఫిల్హార్మోనిక్‌కు, తర్వాత 1991 వరకు న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌కు సంగీత దర్శకత్వం వహించారు. పండిత రవిశంకర్ రెండో సితార్ కాన్సర్టో 'రాగమాల'ను 1981లో న్యూయార్క్ వేదికపై వినిపించినప్పుడు బృందాన్ని నడిపింది ఆయనే. ఇజ్రాయెల్ ఫిల్హార్మోనిక్‌తో అర్ధ శతాబ్ది అనుబంధం 2019లో ముగిసింది. భారత ప్రభుత్వం 1966లో పద్మభూషణ్, 2001లో పద్మవిభూషణ్ ఇచ్చి గౌరవించింది.

గాయపడిన నేలపై సంగీతం

1994లో, ముట్టడిలో ఉన్న సారయెవోలో, దగ్ధమైన జాతీయ గ్రంథాలయ శిథిలాల నడుమ స్థానిక వాద్యబృందంతో మొజార్ట్ 'రెక్వియమ్'ను ఆయన నిర్వహించారు. మృతుల ఆత్మశాంతికై ఉద్దేశించిన కృతి అది.

అయితే సంగీతం ప్రతిచోటా ఒకేలా స్వీకృతి పొందదు. 2013 సెప్టెంబరు 7న శ్రీనగర్‌లోని షాలిమార్ తోటలో జర్మన్ రాయబార కార్యాలయం ఏర్పాటు చేసిన కచేరీకి బవేరియన్ స్టేట్ ఆర్కెస్ట్రాతో ఆయన వచ్చారు. కశ్మీరీ జానపద వాద్యకారులూ అందులో పాలుపంచుకున్నారు. కానీ ప్రవేశం ఆహ్వానితులకే పరిమితమైంది. కట్టుదిట్టమైన భద్రత నడుమ జరిగే ఈ వేడుక లోయలోని వాస్తవాన్ని మరుగుపరుస్తుందని విమర్శించిన పౌరసంఘాలు అదే రోజు నగరంలో ప్రత్యామ్నాయ కచేరీ నిర్వహించాయి.

సారయెవోలో శోకిస్తున్న నగరపు సంగీతకారులే వాయించారు. శ్రీనగర్‌లో నగరవాసుల్లో అత్యధికులు తోట గోడకు ఆవలే ఉండిపోయారు. ఏ స్వరం ఎలా పలకాలో కండక్టర్ నిర్ణయించగలరు. దాన్ని ఎవరు వినాలన్నది మాత్రం ఆయన చేతికర్రకు అందని విషయం.